హన్స్ హోల్మేర్: అడ్డు చెప్పేవారు లేని దర్యాప్తు

1986 మార్చి 31న స్టాక్‌హోమ్ పోలీసు ప్రధాన కార్యాలయంలో జరిగిన విలేకరుల సమావేశంలో తీసిన ఒక ఫొటో స్వీడన్ పత్రికల్లో ఇప్పటికీ కనిపిస్తూనే ఉంటుంది. రెండు రివాల్వర్లు పైకెత్తి కెమెరాలకు చూపిస్తున్న యాభై అయిదేళ్ల అధికారి ఫొటో అది. రెండూ స్మిత్ అండ్ వెసన్ కంపెనీవి, .357 మాగ్నమ్ తూటాలు పేల్చేవి. నెల రోజుల క్రితం ప్రధాని ఒలోఫ్ పాల్మేను బలిగొన్నది ఇలాంటి ఆయుధమేనని ఆయన దేశానికి వివరిస్తున్నారు. అసలు ఆయుధం మాత్రం ఆయన దగ్గర లేదు. ఇప్పటికీ ఎవరికీ దొరకలేదు.

ఆ అధికారి పేరు హన్స్ హోల్మేర్. స్టాక్‌హోమ్ జిల్లా పోలీసు అధిపతిగా, పాల్మే హత్య కేసు దర్యాప్తు సారథిగా ఏడాదిపాటు ఆయన స్వీడన్‌లో ప్రధానమంత్రి కంటే ఎక్కువగా టీవీలో కనిపించారు. ఆ ఏడాది ముగిసేసరికి కేసూ తేలలేదు, ఆయన పదవీ మిగల్లేదు. ఒక మొండి మనిషి తప్పుడు దారి పట్టి కేసును చెడగొట్టాడన్నది అప్పటి నుంచీ వినిపిస్తున్న కథ. అందులో అబద్ధం లేదు కానీ అది సగమే. మొండితనం ఉన్న అధికారులు ప్రతి దేశంలోనూ ఉంటారు. ఈయన్ని ఆపవలసిన వాళ్లంతా ఏడాదిపాటు ఎందుకు ఆపలేదన్నదే అసలు ప్రశ్న. జవాబు కోసం హత్య జరిగిన రాత్రికి చాలా ముందుకు, ఆయన ఉద్యోగ జీవితంలోకి వెళ్లాలి.

హోల్మేర్ 1930 డిసెంబరు 28న స్టాక్‌హోమ్‌లో పుట్టారు. న్యాయశాస్త్రం చదివారు. కానిస్టేబుల్‌గా మొదలుపెట్టి ఒక్కో మెట్టూ ఎక్కి వచ్చిన మనిషి కాదు. ఆ రోజుల్లో స్వీడన్‌లో పోలీసు అధిపతుల పదవులు ఎక్కువగా లా పట్టా ఉన్నవారికే దక్కేవి. మన దగ్గర ఐపీఎస్ అధికారి నేరుగా పై హోదాలో అడుగుపెట్టినట్లే అక్కడా పై అంతస్తుకు దారి వేరుగా ఉండేది. హత్య కేసులో సాక్షిని కూర్చోబెట్టి గంటల తరబడి ప్రశ్నలు వేసే పని కింది అంతస్తుది. పై అంతస్తుది పరిపాలన.

ఆయన ఎదుగుదలకు కాలం కూడా కలిసొచ్చింది. 1965 జనవరి 1 దాకా స్వీడన్ పోలీసులు స్థానిక పురపాలికల అధీనంలో ఉండేవారు. ఆ రోజున మొత్తం వ్యవస్థ రాజ్యం చేతిలోకి వచ్చింది. జాతీయ పోలీసు బోర్డు ఏర్పడింది, దాని నీడలో భద్రతా విభాగం సేపో పెరిగింది. కొత్త వ్యవస్థకు కొత్త నిర్వాహకులు కావలసి వచ్చారు. 1970లో, నలభై నిండకుండానే, హోల్మేర్ సేపో అధిపతి అయ్యారు.

తటస్థ దేశమని పేరున్న స్వీడన్‌కు ఆ దశాబ్దం తేలిగ్గా గడవలేదు. 1971 ఏప్రిల్‌లో క్రొయేషియా వేర్పాటువాదులు స్టాక్‌హోమ్‌లో యుగోస్లావియా రాయబారిని కాల్చి చంపారు. 1975 ఏప్రిల్ 24న పశ్చిమ జర్మనీకి చెందిన రెడ్ ఆర్మీ ఫ్యాక్షన్ సభ్యులు స్టాక్‌హోమ్‌లోని తమ దేశ రాయబార కార్యాలయాన్నే ఆక్రమించి, ఇద్దరు దౌత్యాధికారులను చంపారు. చివరికి వాళ్లు పెట్టిన పేలుడు పదార్థాలే పేలి భవనం మంటల్లో చిక్కుకుంది. అదే కాలంలో సేపోలోనే పనిచేస్తున్న స్టిగ్ బెర్గ్‌లింగ్ సోవియట్ సైనిక గూఢచారి సంస్థకు రహస్యాలు అమ్ముతున్న సంగతి ఎవరూ పసిగట్టలేదు. అతను పట్టుబడింది 1979లో, అదీ ఇజ్రాయెల్‌లో. అప్పటికి హోల్మేర్ సేపో వదిలి మూడేళ్లయింది.

సేపోలో గడిచిన ఆ ఆరేళ్లు ఆయనకు ఒక ఆలోచనా విధానాన్ని అలవాటు చేశాయని అనుకోవడానికి కారణాలున్నాయి. గూఢచార విభాగం పని సంస్థలతో, జాబితాలతో, ఎవరు ఎవరికి ఫోన్ చేశారన్న లెక్కలతో నడుస్తుంది. అక్కడ ముందు ఒక శత్రువును ఊహించుకుని ఆధారాలు తర్వాత వెతుకుతారు. హత్య దర్యాప్తు దీనికి తలకిందులు. శవం దగ్గర, తూటా దగ్గర, చూసిన వాళ్ల దగ్గర మొదలై బయటికి పాకాలి. పేరు చివరన రావాలి.

1976లో హోల్మేర్ స్టాక్‌హోమ్ జిల్లా పోలీసు అధిపతి అయ్యారు. దేశంలో అతిపెద్ద పోలీసు దళం ఆయన చేతికి వచ్చింది. పాలక సోషల్ డెమోక్రాటిక్ పార్టీ వర్గాలతో ఆయనకు సాన్నిహిత్యం ఉంది. పుస్తక ప్రచురణకర్త, అదే పార్టీ వర్గాల్లో పలుకుబడి ఉన్న ఎబ్బె కార్ల్‌సన్ ఆయనకు దగ్గరి మిత్రుడు. ఈ పేరు మళ్లీ వస్తుంది.

1986 ఫిబ్రవరి 28, శుక్రవారం. పాల్మే మధ్యాహ్నానికే అంగరక్షకులను పంపించేశారు. రాత్రి భార్య లిస్‌బెత్‌తో కలిసి స్వేయావేగెన్ వీధిలోని గ్రాండ్ థియేటర్‌లో సినిమా చూసి, ఇంటికి నడిచి వెళ్తుండగా 11 గంటల 21 నిమిషాలకు టన్నెల్‌గాటన్ మలుపులో వెనక నుంచి వచ్చిన ఆగంతకుడు కాల్చాడు. మరో తూటా లిస్‌బెత్ వీపును రాసుకుంటూ పోయింది. హంతకుడు టన్నెల్‌గాటన్ చివరనున్న మెట్లెక్కి మాయమయ్యాడు. అర్ధరాత్రి దాటి ఆరు నిమిషాలకు ఆసుపత్రిలో పాల్మే చనిపోయినట్లు ప్రకటించారు.

ఆ రాత్రి పోలీసులు చేసిన పనులు చదివితే ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు. హత్యాస్థలం చుట్టూ కట్టిన తాడు మరీ చిన్నది. జనం దాని అంచుదాకా వచ్చి పూలు పెట్టారు. దేశవ్యాప్త హెచ్చరిక వెళ్లేసరికి రాత్రి రెండు దాటింది. రెండు తూటాల్లో ఒక్కటీ పోలీసులకు దొరకలేదు. మొదటిది తెల్లవారాక ఆ వీధిలో ఒక భారతీయ పాత్రికేయుడి కంటబడింది. రెండోది మర్నాడు, ఆదివారం, దారిన పోయేవాళ్లకు దొరికింది. ప్రధానమంత్రి హత్య కేసులో అప్పటికీ ఇప్పటికీ ఉన్న అత్యంత విలువైన భౌతిక ఆధారాలు అవే. రెంటినీ జనమే తెచ్చి పోలీసుల చేతిలో పెట్టారు.

హోల్మేర్ ఆ రాత్రి ఊళ్లో లేరు. ఆదివారం జరగాల్సిన తొంభై కిలోమీటర్ల వాసలోపెట్ స్కీ పరుగులో పాల్గొనడానికి బయల్దేరి, దారిలో బోర్లెంగె పట్టణంలోని హోటల్లో దిగానని, వార్త ఉదయాన్నే తెలిసిందని ఆయన చెప్పారు. శనివారం పదకొండు కాకముందే స్టాక్‌హోమ్ చేరుకుని, దర్యాప్తు పగ్గాలు తానే అందుకున్నారు. కుట్ర సిద్ధాంతాలు అల్లేవాళ్లు తర్వాతి కాలంలో ఆ హోటల్ రాత్రిని కూడా వదల్లేదు. కేసు తేలకపోతే ఖాళీ జాగాలో మొలిచే కలుపు మొక్కలు ఇవి. వాటిని పట్టుకుని వేలాడితే అసలు తప్పు కనిపించకుండా పోతుంది.

అసలు తప్పు శనివారం ఉదయమే జరిగింది. జిల్లా పోలీసు అధిపతి చేయవలసింది మనుషులను, డబ్బును, వనరులను సమకూర్చడం. హత్య దర్యాప్తును నడిపే పని అనుభవజ్ఞులైన క్రైమ్ విభాగం అధికారులది, వారిపైన ప్రాసిక్యూటర్‌ది. హోల్మేర్‌కు హత్య కేసు నడిపిన అనుభవం లేదు. అయినా కుంగ్స్‌హోల్మెన్‌లోని పోలీసు భవనంలో ‘పాల్మే గది’ అని పేరుపడిన సమావేశ మందిరంలో తన చుట్టూ చిన్న నాయకత్వ బృందాన్ని కూర్చోబెట్టుకుని, ప్రతి నిర్ణయం అక్కడి నుంచే వెలువడేలా చేశారు. క్షేత్రంలో పనిచేసే డిటెక్టివ్‌లకు ఆ గది తలుపు ఎక్కువగా మూసే ఉండేది.

ఇక్కడ స్వీడన్ పద్ధతి కొంత తెలియాలి. మన దగ్గర దర్యాప్తు పూర్తిగా పోలీసులది. ప్రాసిక్యూటర్ పాత్ర ప్రధానంగా కోర్టులో మొదలవుతుంది. స్వీడన్‌లో ఫలానా వ్యక్తి మీద సహేతుకమైన అనుమానం ఏర్పడగానే దర్యాప్తుకు ప్రాసిక్యూటరే నాయకుడు. ఎవరిని నిర్బంధించాలి, ఎవరిని వదలాలి అన్నది ఆయన మాట. అంటే అనుమానితుడంటూ లేనంత కాలం పగ్గాలు పోలీసు అధిపతి దగ్గరే ఉంటాయి. ఈ గీత చాలా సన్నగా ఉంటుంది. దాని మీద ఎవరు ఎటు నిలబడాలో సాధారణ కేసుల్లో మర్యాదగా తేలిపోతుంది. ఈ కేసులో తేలలేదు.

తొలి ఘర్షణకు రెండు వారాలు పట్టింది. మార్చి మధ్యలో, పాల్మేను బహిరంగంగా తిట్టిపోసే అలవాటున్న ఒక వ్యక్తిని పట్టుకున్నారు. పత్రికలు అతణ్ణి ‘33 ఏళ్ల మనిషి’ అని రాశాయి. సాక్ష్యం నిలవదని తేలగానే ప్రాసిక్యూటర్ కె.జి. స్వెన్సన్ అతణ్ణి వదిలేశారు. పోలీసు సారథికి, ప్రాసిక్యూటర్‌కు మధ్య పోరు వీధికెక్కింది. పోలీసులు తనకు పూర్తి సమాచారం ఇవ్వడం లేదన్నది స్వెన్సన్ ఫిర్యాదు. వేసవి రాకముందే ఆయన కేసు నుంచి తప్పుకున్నారు. హోల్మేర్ ఉన్నచోటే ఉన్నారు.

ఉండగలిగారంటే దానికి టీవీ ఒక కారణం. దిగ్భ్రాంతిలో ఉన్న దేశానికి ఎవరో ఒకరు వచ్చి పని జరుగుతోందని చెప్పాలి. హోల్మేర్ ఆ పని అద్భుతంగా చేశారు. విలేకరుల సమావేశాల్లో తొణక్కుండా, కొన్నిసార్లు చమత్కారంగా మాట్లాడేవారు. పశ్చిమ జర్మనీ పోలీసుల పరికరంతో తయారుచేయించిన ఊహాచిత్రం విడుదలైంది. దేశం నలుమూలల నుంచీ సమాచారం వరదలా వచ్చిపడింది. ఆ చిత్రంలోని మనిషికి హత్యతో సంబంధమే ఉండకపోవచ్చని చాలా ఆలస్యంగా తేలింది. ఈలోగా ఆ వరదను వడపోయడానికే డిటెక్టివ్‌ల కాలం హరించుకుపోయింది.

రెండో కారణం రాజకీయం. స్వీడన్ రాజ్యాంగ సంప్రదాయంలో మంత్రులు అధికార సంస్థల రోజువారీ నిర్ణయాల్లో వేలు పెట్టకూడదు. ఈ నియమాన్ని అక్కడ గర్వంగా చెప్పుకుంటారు, అందులో అర్థమూ ఉంది. కానీ న్యాయ మంత్రిత్వ శాఖ ప్రతినిధులు పరిశీలకుల హోదాలో పాల్మే గదిలో కూర్చునేవారు. జోక్యం చేసుకోలేదు సరే, అక్కడ ఉండటమే ఒక ఆమోదముద్ర అయింది. హత్యకు గురైంది తమ నాయకుడు, దర్యాప్తు చేస్తున్నది తమకు తెలిసిన మనిషి. కాబట్టి ప్రభుత్వానికి ఆయన మీద భరోసా కుదిరింది. ఆయనకు అడ్డు చెప్పాలనుకున్న జాతీయ పోలీసు బోర్డుకు ఆ ముద్రను దాటే ధైర్యం కలగలేదు. మంత్రి ఆదేశిస్తే తప్పు ఎవరిదో కాగితం మీద ఉంటుంది, విమర్శించడానికి ఒక పేరు దొరుకుతుంది. మౌనంగా కూర్చుంటే ఏ కాగితమూ మిగలదు. నా దృష్టిలో ఈ కేసులో అన్నిటికన్నా ప్రమాదకరమైన ఏర్పాటు ఇదే.

ఇక ఆయన పట్టుకున్న సిద్ధాంతం. టర్కీలో కుర్దుల కోసం ఆయుధాలు పట్టిన కుర్దిస్తాన్ వర్కర్స్ పార్టీ, అంటే పీకేకే, సంస్థను వదిలి వెళ్లిన వారిని స్వీడన్‌లో చంపించిన సందర్భాలున్నాయి. ఒక హత్య 1984లో ఉప్సాలాలో, మరొకటి 1985లో స్టాక్‌హోమ్‌లో జరిగింది. స్వీడన్ ప్రభుత్వం ఆ సంస్థను ఉగ్రవాద సంస్థగా ప్రకటించి, కొందరు కుర్దులు తమ పురపాలిక పొలిమేర దాటకూడదని ఆంక్షలు పెట్టింది. ఆ కక్షతోనే పాల్మేను చంపారన్నది హోల్మేర్ నమ్మకం. సేపో వినే ఫోన్ సంభాషణల్లో ‘పెళ్లి’ ప్రస్తావనలు వస్తే అవి హత్యకు సంకేతమని అనువాదకులు, అధికారులు వ్యాఖ్యానించారు. ఇందులో ఏ ముక్కకు ఆ ముక్క కొట్టిపారేయదగినది కాదు. ఒక సంస్థ ఇద్దరిని చంపితే మూడో హత్యలో దాన్ని అనుమానించడం తప్పేమీ కాదు. కానీ ఆ వీధి మలుపులో నిలబడ్డ మనిషికీ, ఈ సంస్థకూ మధ్య ఒక్క సాక్షి, ఒక్క వస్తువు, ఒక్క వేలిముద్ర లేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్న పట్టుదలతో హోల్మేర్ దీన్ని ‘ప్రధాన మార్గం’ అని పిలిచారు. మిగతా మార్గాలకు మనుషులు తగ్గిపోయారు.

తెలుగు పాఠకులకు స్వీడన్ అనగానే గుర్తొచ్చే బోఫోర్స్ సంగతి ఇక్కడ ఒక్క మాటలో చెప్పుకోవాలి. హత్య జరిగి నెల తిరక్కుండానే, 1986 మార్చి 24న, భారత ప్రభుత్వం ఆ కంపెనీతో 410 ఫిరంగుల ఒప్పందం చేసుకుంది. అందుకే పాల్మే హత్యను ముడుపులతో ముడిపెట్టే కథనాలు అక్కడా ఇక్కడా పుట్టాయి. అయితే ముడుపుల ఆరోపణను స్వీడిష్ రేడియో ప్రసారం చేసింది 1987 ఏప్రిల్‌లో. అప్పటికే హోల్మేర్ కుర్చీ దిగారు. ఎన్టీఆర్ అధ్యక్షుడిగా ఉన్న నేషనల్ ఫ్రంట్ 1989 ఎన్నికల్లో ఎత్తుకున్న ఆ అంశానికీ, ఆయన దర్యాప్తు తీరుకూ సంబంధం లేదు.

1987 జనవరి 20న ‘ఆపరేషన్ ఆల్ఫా’ జరిగింది. స్టాక్‌హోమ్‌లో ఒకేసారి ఇరవై మంది వరకు కుర్దులను పోలీసులు అదుపులోకి తీసుకున్నారు. పది నెలలుగా ‘ప్రధాన మార్గం’ అని వింటున్న దేశం ఊపిరి బిగబట్టి చూసింది. ప్రాసిక్యూటర్లు ఫైళ్లు తిరగేశారు. నిర్బంధించడానికి తగిన ఆధారమేదీ కనబడక, దాదాపు అందర్నీ ఆ రోజే వదిలేశారు. దాడితో ఏదో ఒకటి బయటపడుతుందన్న ఆశ తప్ప దాడికి ముందే చేతిలో ఉన్నదేమీ లేదని తేలిపోయింది.

ఆ తర్వాతి కథ వేగంగా నడిచింది. ఫిబ్రవరిలో ప్రభుత్వం దర్యాప్తు పగ్గాలను ప్రాసిక్యూటర్ల చేతిలో పెట్టింది. మార్చిలో హోల్మేర్ దర్యాప్తుతోపాటు పోలీసు అధిపతి పదవినీ వదిలేశారు. కానీ తన సిద్ధాంతాన్ని వదల్లేదు. మరుసటి ఏడాది ఈ కేసు మీద రాసిన పుస్తకంలోనూ అదే వాదించారు. ఆ తర్వాత నేర నవలలు రాసుకుంటూ గడిపారు. రచయితకు ఉన్న సౌకర్యం, ముందే హంతకుణ్ణి ఎంచుకుని ఆధారాలు తర్వాత పేర్చుకోవచ్చు.

ఆయన వెళ్లినా ఆయన మార్గం మిగిలింది. మిత్రుడు ఎబ్బె కార్ల్‌సన్, పోలీసు కాకపోయినా, కొందరు పోలీసు అధికారుల తోడ్పాటుతో పీకేకే మీద ప్రైవేటు దర్యాప్తు సాగించారు. న్యాయశాఖ మంత్రి అన్నా గ్రేటా లేయోన్ ఆయనకు సిఫారసు లేఖ కూడా ఇచ్చారు. 1988 జూన్ మొదట్లో ఒక పత్రిక ఈ గుట్టు విప్పింది. చట్టవిరుద్ధంగా మాటలు వినే పరికరాలు హెల్సింగ్‌బోర్గ్ రేవులో కస్టమ్స్‌కు చిక్కాయి. వారం తిరిగేసరికి మంత్రి రాజీనామా చేశారు. ప్రభుత్వం తన పోలీసులను కాదని ఒక ప్రచురణకర్తను నమ్మే దశకు వచ్చిందంటే, అధికారం పదవిలో కాక పరిచయంలో ఉందనే అర్థం. హోల్మేర్ ఏడాది కాలం ఆ అలవాటుకు పునాది వేసింది.

కేసు మాత్రం ఎక్కడికక్కడే ఉంది. 1989లో క్రిస్టర్ పెటెర్‌సన్ అనే వ్యక్తికి కింది కోర్టు శిక్ష వేస్తే, అదే ఏడాది అప్పీలు కోర్టు విడుదల చేసింది. 1999లో ప్రభుత్వ పరిశీలక సంఘం వెయ్యి పేజీల స్థాయి నివేదికలో తొలి ఏడాది నాయకత్వాన్ని కడిగిపారేసింది. అధికారం ఒక్కరి చేతిలో పోగుపడటం, ఒకే మార్గం మీద పడిపోవడం, నేరస్థలం చుట్టూ చేయవలసిన ప్రాథమిక పని సగంలో ఆగడం ఆ విమర్శల సారం. హోల్మేర్ 2002 అక్టోబరు 4న చనిపోయారు.

2020 జూన్ 10న ప్రాసిక్యూటర్ కేసు మూసేస్తున్నట్లు ప్రకటిస్తూ, అనుమానితుడిగా స్టిగ్ ఎంగ్‌స్ట్రోమ్ పేరు చెప్పారు. హత్యాస్థలం పక్కనే ఉన్న స్కాండియా బీమా కంపెనీ భవనంలో పనిచేసిన ఉద్యోగి ఆయన. 2000లోనే మరణించారు కనుక విచారణకు వీల్లేదు, నేరం ఏ కోర్టులోనూ రుజువు కాలేదు. ఈ నిర్ణయం స్వీడన్‌లో చాలామందికి మింగుడుపడలేదు. ఆ వాదన నిజమో కాదో ఎలా ఉన్నా ఒక సంగతి రికార్డులో ఉంది. ఎంగ్‌స్ట్రోమ్ పోలీసులకు కొత్త పేరు కాదు. హత్య జరిగిన మర్నాడే తాను అక్కడున్నానంటూ ముందుకొచ్చిన సాక్షి. తాను చెప్పింది ఎవరూ పట్టించుకోవడం లేదని పత్రికల దగ్గర, టీవీలో వాపోయాడు కూడా. నమ్మదగని సాక్షి అని ఆయన్ని 1986 లోనే పక్కన పెట్టేశారు. ఆ మాటల్లో అబద్ధమెంతో, అది ఎందుకు చెప్పాడో గట్టిగా తవ్వవలసిన నెలల్లో దర్యాప్తు సారథుల దృష్టి మరో చోట ఉంది. కేసు మూసేనాటికి పదివేల మంది దాకా ప్రశ్నలు ఎదుర్కొన్నారు, 134 మంది హత్య తామే చేశామని చెప్పుకున్నారు, కాగితాలు 250 మీటర్ల పొడవు అరలు నింపాయి.

హోల్మేర్ కూర్చున్న కుర్చీ ఇప్పుడు లేదు. 2015 జనవరి 1న స్వీడన్ తన 21 జిల్లా పోలీసు సంస్థలను కలిపి ఒకే జాతీయ సంస్థగా మార్చింది, సేపోను విడి సంస్థ చేసింది. ఈ విలీనం పాల్మే కేసు వల్ల జరగలేదు. పోలీసు పనితీరును మెరుగుపరచడం దాని లక్ష్యం. ఒక్కరి చేతిలో అధికారం పోగుపడటం గురించిన పాత ప్రశ్నకు అది జవాబు కాదు, నిజానికి ఇప్పుడు పై కుర్చీ ఇంకా పెద్దదయింది. 2023 డిసెంబరులో ఆ కుర్చీలోకి, అంటే జాతీయ పోలీసు అధిపతి పదవిలోకి, వచ్చిన పెట్రా లుండ్ కూడా హోల్మేర్ లాగే న్యాయశాస్త్రం చదివి వచ్చినవారు. అయితే ఆమె పోలీసు శాఖకు వచ్చింది దేశ ప్రధాన ప్రాసిక్యూటర్ పదవి నుంచి.